గుమ్మటానికి నడికట్టు

బాస్కెట్‌బాల్ చలికి జడిసి పుట్టిన ఆట, పిల్లలూ. కబడ్డీకి ఇసుక చాలు, క్రికెట్టుకి బీడు చాలు. ఈ ఆటకి మాత్రం పుట్టిన రోజు నుంచే నెత్తిన కప్పు కావలసి వచ్చింది.

1891 డిసెంబరు సంగతి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊరు. అక్కడ వ్యాయామ మాస్టర్లని తయారుచేసే వైఎంసీఏ బడి ఒకటి ఉంది. బయట మంచు, లోపల కసరత్తులు. చలికాలమంతా అవే కసరత్తులు చేసీ చేసీ కుర్రాళ్లకి విసుగెత్తి అల్లరి ముదిరింది. వాళ్లని ఒక దారిలో పెట్టమని జేమ్స్ నైస్మిత్ అనే కెనడా మాస్టారికి అప్పగించారు. ఆయన 13 నియమాలతో ఒక ఆట కట్టాడు. పీచ్ పళ్లు పోసుకునే బుట్టలు రెండు తెప్పించి, హాలు చుట్టూ ఉన్న పై వసారా అంచుకి చెరో పక్కా మేకులతో కొట్టించాడు. ఆ అంచు నేల నుంచి 10 అడుగుల ఎత్తున ఉంది. అంతే, ఈనాటికీ రింగు ఎత్తు 10 అడుగులే! ఎవరో పండితులు కూర్చుని లెక్కకట్టి తేల్చిన సంఖ్య కాదర్రా అది. ఆ హాలు కట్టిన మేస్త్రి చేతి చలవ. రింగు వెనకున్న పలక కూడా అలా వచ్చిందే. పై వసారాలో నిలబడ్డ జనం చేతులు చాచి బంతిని ఇటూ అటూ తోసేస్తుంటే, వాళ్లకి అందకుండా అడ్డం పెట్టారు.

ఆ మొదటి ఆటలో పక్కకి తొమ్మిది మంది. చూసేవాళ్లు గుప్పెడు మంది. ఆ తరవాత ఆట పెరిగింది, జనం పెరిగారు, దాంతో కప్పు పెరగాల్సి వచ్చింది. నేను చెప్పబోయేది ఆ కప్పు గురించే.

ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పేరు వినే ఉంటారు. అర్బానా, షాంపేన్ అని రెండు జంట ఊళ్లు, చుట్టూ కనుచూపు మేర మొక్కజొన్న, సోయా చేలు. మన తెలుగు పిల్లలు చాలామంది ఇంజినీరింగ్ చదువులకి వెళ్లే చోటు అది. 1963లో అక్కడ ఒక పెద్ద హాలు తెరిచారు. అప్పుడు దాని పేరు అసెంబ్లీ హాల్. 2013లో ఒక బీమా కంపెనీ పేరు తగిలించుకుని స్టేట్ ఫార్మ్ సెంటర్ అయింది. ఆ విశ్వవిద్యాలయంలోనే చదువుకున్న మాక్స్ అబ్రమోవిట్జ్ దానికి నమూనా గీశాడు. లెక్కలు వేసి దాన్ని నిలబెట్టినవాళ్లు అమన్ అండ్ విట్నీ అనే ఇంజినీర్లు.

ఆ కప్పు కొలత వినండి. ఈ అంచు నుంచి ఆ అంచుకి 400 అడుగులు. అంటే 122 మీటర్లు. మధ్యలో ఒక్క పిల్లరు లేదు. అంత కప్పూ కాంక్రీటు. దాని దళసరి మూడున్నర అంగుళాలు!

ఈ మాట చెప్పగానే మా మనవరాలు నమ్మలేదు. "మన ఇంటి స్లాబే ఐదంగుళాలుంది కదా తాతయ్యా, అదీ పది అడుగుల గదికి" అంది. మంచి అనుమానమే. సైన్సంతా అక్కడే మొదలవుతుంది.

మన ఇంటి స్లాబు అడ్డంగా పడుకుని బరువు మోస్తుంది. అడ్డంగా పడుకున్నది దేన్నైనా తీసుకోండి, బరువు పడితే నడుము వంగుతుంది. వంగినప్పుడు పైపొర నొక్కుకుంటుంది, కింది పొర సాగుతుంది. కాంక్రీటుకి నొక్కితే ఓర్పు ఎక్కువ, లాగితే ఓర్పు లేదు. నొక్కుడుకి తట్టుకునే దాంట్లో పదో వంతు లాగుడుకి కూడా తట్టుకోదు. అందుకే స్లాబు పొయ్యకముందు అడుగున ఇనుప సువ్వలు పరుస్తాం. అది చిన్న గది సంగతి. గది పొడవు రెండింతలు చేస్తే వంచే బలం రెండింతలు కాదు, నాలుగింతలు. మూడింతలు చేస్తే తొమ్మిదింతలు. దాన్ని ఓర్చుకోడానికి స్లాబు దళసరి పెంచుతాం. పెంచితే దాని సొంత బరువే పెరిగి ఇంకా వంచుతుంది. ఈ దారిన పోతే 122 మీటర్ల హాలుకి స్లాబు తన బరువుకి తానే విరిగిపడుతుంది.

మధ్యలో పిల్లర్లు వేస్తే పోదా అంటారేమో. బాస్కెట్‌బాల్ కోర్టు 94 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు. అంతవరకు ఖాళీ ఉంచడం కష్టం కాదు. కానీ చుట్టూ పదిహేను వేల మంది కూర్చుంటారు. ఒక్కో పిల్లరు వెనక ఒక వరస మనుషులకి ఆట కనపడదు. టిక్కెట్టు కొనుక్కుని పిల్లరుని చూసి పోవాలి. పైగా ఆ హాలు ఒక్క ఆటకే కట్టింది కాదు. పట్టాల పండుగలు, సభలు, నాటకాలు, సర్కసులు, సంగీత కచేరీలు అన్నీ అందులోనే జరగాలని అనుకున్నారు. ఎల్విస్ ప్రెస్లీ కూడా 1976లో అక్కడ పాడాడు. రాష్ట్రంలో హైస్కూలు కుర్రాళ్ల బాస్కెట్‌బాల్ ఫైనల్స్ ముప్పై ఏళ్లకు పైగా, 1995 దాకా, అక్కడే జరిగాయి. ఒక రోజు వేదిక నడిమధ్యన ఉంటుంది, ఇంకో రోజు ఓ చివర ఉంటుంది. రేపు ఏ పని పడుతుందో తెలియని హాలుకి నడుమ ఏమీ లేకపోవడమే పెద్ద ఆస్తి.

అప్పుడు మిగిలిన దారి గుమ్మటం. గుమ్మటం నడుము వంగనివ్వదు. పైన పడ్డ బరువు ఆ వంపు వెంటే జారుకుంటూ అంచుకి దిగుతుంది. దారి పొడుగునా కాంక్రీటుని నొక్కుతుందే గాని లాగదు. నొక్కుడంటే కాంక్రీటుకి ఇష్టమే కదా. అందుకే పల్చగా పోసినా ఆగుతుంది.

ఇంత మంచి గుమ్మటానికి ఒక పాడు గుణం ఉంది. రెండు కర్రలు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి చూడండి. పైన బాగానే ఆనుకుంటాయి, కింద మాత్రం కాళ్లు ఎడంగా జారతాయి. గుమ్మటం అంచంతా అలాగే బయటికి తోసుకుంటుంది. గుమ్మటం ఎంత చదునుగా ఉంటే తోపు అంత ఎక్కువ. ఆ తోపుని ఎవరూ పట్టుకోకపోతే అంచు విచ్చుకుని, గుమ్మటం నిలువునా చీలి, నెత్తి కిందికి దిగుతుంది. కాబట్టి గుమ్మటం కట్టడమంటే పైన వంపు తిప్పడం కాదర్రా, కింద అంచుని పట్టుకోవడం. రెండు వేల ఏళ్లుగా మనిషి దీనితోనే కుస్తీ పడుతున్నాడు.

రోము నగరంలో పాంథియన్ ఉంది. క్రీ.శ. 126 ప్రాంతంలో ముగించారు. 43 మీటర్ల కాంక్రీటు గుమ్మటం, అందులో ఒక్క ఇనుప సువ్వ లేదు. తోపుని ఆపడానికి వాళ్లు చేసిన ఉపాయం బరువు. చుట్టూ ఆరు మీటర్ల మందాన గోడ కట్టారు. పైకి పోయేకొద్దీ కాంక్రీటులో తేలిక రాళ్లు కలిపారు. అంత చేసినా లోపల నిలువు పగుళ్లున్నాయి, అయినా గోడ మందం కాపాడుతోంది.

మన పక్కనే బిజాపూర్‌లో గోల్ గుంబజ్ చూడండి. 1656లో ముగిసింది. బయటి కొలత 44 మీటర్లు. అక్కడా గోడలు మూడు మీటర్ల మందం. దానికి తోడు లోపల ఒకదాన్నొకటి కోసుకునే కమానులు పెట్టి, వాటి బరువుతో గుమ్మటం తోపుని లోపలికి మళ్లించారు. ఏ లెక్కల పుస్తకం లేని రోజుల్లో ఎంత తెలివో చూడండి.

రోములోనే సెయింట్ పీటర్స్ చర్చి గుమ్మటానికి 18వ శతాబ్దంలో పగుళ్లు పెరిగాయి. పోప్ గణిత పండితుల్ని పిలిపించాడు. జొవానీ పొలేని అనే ఆయన పరీక్ష చేసి చెప్పిన మందు ఇనుప గొలుసులు. 1740లలో గుమ్మటం చుట్టూ గొలుసుల కట్లు బిగించారు. గోడ మందంతో ఆపడం ఒక పద్ధతి, నడుముకి కట్టు కట్టడం ఇంకో పద్ధతి అని అందరికీ తేటగా అర్థమైంది అప్పుడే.

ఇల్లినాయ్ వాళ్లు రెండో పద్ధతి పట్టుకున్నారు. కానీ గొలుసు కాదు, తీగ. ఆ హాలు రూపం ఇలా ఉంటుంది: కింద బయటికి వాలిన గోడలతో పెద్ద కాంక్రీటు గిన్నె, అందులో మెట్ల మెట్లుగా కుర్చీలు. దాని మీద గుమ్మటం. రెండూ కలిసే అంచు భవనం మొత్తంలో అన్నిటికన్నా వెడల్పైన చోటు. పై గుమ్మటం ఆ అంచుని బయటికి తోస్తుంది. కింది గిన్నె కూడా బయటికే వాలి ఉంది కాబట్టి బరువు పడితే అదీ బయటికే ఒరగబోతుంది. రెండు తోపులూ ఒకే చోట చేరాయి. ఇది ఆపద కాదా అంటే కాదు, అదే తెలివి. దొంగలిద్దరూ ఒకే సందులోంచి రావాలంటే కాపలా ఒక్క చోట పెడితే చాలు. ఆ అంచు చుట్టూ గట్టి ఉక్కు తీగని లాగి పట్టి చుట్టారు. అలా చుట్టిన తీగ పొడవు 600 మైళ్ల పైచిలుకు, దగ్గర దగ్గర వెయ్యి కిలోమీటర్లు. తీగ మందం సుమారు ఐదు మిల్లీమీటర్లు.

మీరే లెక్క వెయ్యండి. 122 మీటర్ల వృత్తం చుట్టుకొలత 383 మీటర్లు. వెయ్యి కిలోమీటర్లని దానితో భాగిస్తే రెండున్నర వేల చుట్లు. అలాంటి గట్టి తీగ ఒక్కటే మూడు టన్నుల దాకా తెగకుండా లాగుతుంది. రెండున్నర వేల తీగలు ఒకే వైపు బిగిస్తే ఆ గుమ్మటం ఎక్కడికి పోతుంది? గుమ్మటం బరువు సుమారు నాలుగు వేల టన్నులు.

మీ ఊళ్లో ముసలివాళ్లనడగండి, ఎడ్లబండి చక్రానికి పట్టా ఎలా తొడిగేవారో చెబుతారు. చక్రం అంచు ఒకే చెక్క కాదు, ముక్కలు కూర్చింది. వాటిని ఆకులు నడి కుండకి పట్టి ఉంచుతాయి. కమ్మరి ఇనుప పట్టాని చక్రం కన్నా కొంచెం తక్కువ చుట్టుకొలతకి అతికేవాడు. పిడకల మంటలో ఎర్రగా కాల్చేవాడు. నాలుగున్నర మీటర్ల పట్టాని ఐదొందల డిగ్రీలు వేడెక్కిస్తే సుమారు మూడు సెంటీమీటర్లు సాగుతుంది. ఆ సాగిన క్షణంలో పటకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి గబగబా నీళ్లు కుమ్మరించేవాళ్లు. పట్టా చల్లారి కురచై బిగుసుకునేసరికి వదులుగా ఉన్న చెక్క ముక్కలన్నీ కిర్రుమని ఒకదానిలోకొకటి దిగబడేవి. బండి ఇంకా రోడ్డెక్కలేదు, ఒక్క బస్తా వెయ్యలేదు, అయినా చక్రం లోలోపల నొక్కుడుతో సిద్ధంగా ఉంది. రేపు గతుకులో పడి చెక్కల్ని విడదీయబోయే బలం ముందు ఆ నొక్కుడుని ఓడించాలి. బరువు రాకముందే ఎదురు బలాన్ని లోపల దాచి ఉంచడం. ఇంజినీర్లు దాన్నే ప్రీస్ట్రెస్సింగ్ అంటారు. కమ్మరి వేడితో చేశాడు, ఇల్లినాయ్ వాళ్లు లాగి చేశారు.

"మరి మామూలు ఇనుప సువ్వలు చుడితే సరిపోదా తాతయ్యా, అంత గట్టి తీగ ఎందుకు?" అన్నాడు ఇంటరు చదివే మా మనవడు. దానికీ చక్రమే జవాబు చెబుతుంది. ఎండాకాలంలో చెక్క ఎండి కుంచించుకుంటే పట్టా వదులై గడగడలాడుతుంది. రైతులు చక్రాల్ని చెరువులో దింపి నానబెట్టేది అందుకే. కాంక్రీటు కూడా అంతే. పోసిన తరవాత ఏళ్ల తరబడి నెమ్మదిగా కుంచించుకుంటుంది. నొక్కి ఉంచితే ఆ నొక్కుడుకి ఇంకొంచెం తగ్గుతుంది. మొత్తం మీద వెయ్యికి ఒక వంతు దాకా పోవచ్చు. మామూలు ఇనుముని హద్దు దాటకుండా లాగితే సాగేది వెయ్యికి ఒక వంతు కూడా ఉండదు. అంటే కాంక్రీటు కుంచించుకున్న కొద్దీ, కొన్నాళ్లకి ఇనుము బిగువంతా హరించుకుపోతుంది. చాలామంది ఇలాగే మామూలు ఇనుముతో ప్రయత్నించి చేతులు కాల్చుకున్నారు. ఫ్రాన్సు దేశపు ఇంజినీరు యూజీన్ ఫ్రైసినే ఈ గుట్టు పట్టుకుని 1928లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన చెప్పింది ఒక్కటే: బాగా సాగి, బాగా బిగువు పట్టే గట్టి ఉక్కు వాడండి. అలాంటి తీగ వెయ్యికి నాలుగు వంతుల పైగా సాగుతుంది. అంటే మన గుమ్మటం చుట్టూ తిరిగే 383 మీటర్ల చుట్టులో మీటరున్నర సాగుడు దాగి ఉంటుంది. కాంక్రీటు అందులో కొంత తినేసినా ముప్పాతిక వంతు బిగువు మిగులుతుంది. కాంక్రీటుని ఎవరూ చెరువులో నానబెట్టలేరు కదా, ముందుగానే చూసుకోవాలి.

తీగ బిగించేటప్పుడు ఇంకో వింత ఉంది. గుమ్మటం అంచుని చుట్టూ లోపలికి నొక్కితే దాని నెత్తి పైకి లేస్తుంది. అంతవరకు కింద సెంట్రింగు మీద ఆనుకుని ఉన్న కప్పు ఆ లేవడంతో సెంట్రింగుని వదిలి తన కాళ్ల మీద తాను నిలబడుతుంది.

ఇక మూడున్నర అంగుళాల దళసరి కథ. ఒక కాగితం తీసుకుని రెండు పుస్తకాల మధ్య వంతెనలా పెట్టండి. దాని మీద పెన్సిలు పెడితే కుంగిపోతుంది. అదే కాగితాన్ని విసనకర్ర మడతల్లా వరసగా మడిచి పెట్టండి. ఇప్పుడు నాలుగు పెన్సిళ్లు మోస్తుంది. కాగితం అదే, బరువు అదే. మారింది ఎత్తు. మడతతో పదార్థం పైకీ కిందికీ జరిగి, వంగకుండా ఎదురు తిరిగే బలం వచ్చింది. ఇల్లినాయ్ గుమ్మటం నున్నగా ఉండదు. నడినెత్తి నుంచి అంచు దాకా కిరణాల్లా మడతలు తీరి ఉంటుంది. అక్కడి చలికాలంలో ఒక పక్క మంచు పేరుకుని ఇంకో పక్క పేరుకోకపోతే బరువు సమంగా పడదు, గాలి ఒక వైపే కొడుతుంది. అప్పుడు పల్చటి కప్పు సొట్ట పడకుండా కాపాడేవి ఆ మడతలే.

ఆ మడతలు ఇంకో మేలు కూడా చేస్తాయి. అది చెవులకి చేసే మేలు. గోల్ గుంబజ్ పై వసారాలో గోడ దగ్గర గుసగుసలాడితే అవతలి వైపు నిలబడ్డవాళ్లకి వినపడుతుందని మీకు తెలుసు. చప్పట్లు కొడితే పదే పదే తిరిగొస్తాయి. నున్నటి వంపు ధ్వనిని గోడ వెంటే నడిపించడం, అద్దంలా ఒక చోటికి చేర్చడం వల్ల అవి జరుగుతాయి. యాత్రికులకి అది వేడుక. పట్టాల పండుగ రోజు ఉపన్యాసం ఇచ్చే పెద్దమనిషికి మాత్రం నరకం. ఒక మాట అనేసరికి వెనకటి మాట తిరిగొచ్చి దాన్ని తొక్కేస్తుంది. మడతలున్న కప్పు ధ్వనిని ఒకే చోటికి పంపకుండా నలుదిక్కులా చెదరగొడుతుంది.

అయినా పెద్ద హాలులో మోత ఆరడానికి చాలా సేపు పడుతుంది. దీని లెక్క తేల్చినవాడు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక కుర్ర మాస్టారు, వాలెస్ సబైన్. 1895లో అక్కడ కొత్తగా కట్టిన ఉపన్యాసశాలలో ఎవరు మాట్లాడినా ఒక్క ముక్క అర్థం కాదని గోల. మాట అన్న తరవాత ఐదున్నర సెకన్ల దాకా దాని మోత వినపడేది. అంతలో పదిహేను మాటలు దొర్లుతాయి కదా! సబైన్ ఏం చేశాడో తెలుసా? పక్కనున్న నాటకశాల కుర్చీల మెత్తలన్నీ రాత్రిపూట మోయించుకొచ్చి, ఈ హాల్లో పరిచి, చెవితోనూ గడియారంతోనూ మోత ఎంతసేపు నిలిచిందో కొలిచాడు. తెల్లారేలోగా మెత్తలు మళ్లీ నాటకశాలకి చేరాలి. ఇలా రాత్రులకి రాత్రులు. చివరికి తేలింది ఇది: హాలు ఘనపరిమాణం పెరిగితే మోత నిలిచే కాలం పెరుగుతుంది, ధ్వనిని పీల్చుకునే వస్తువులు పెరిగితే తగ్గుతుంది. మెత్తలు పీలుస్తాయి, తెరలు పీలుస్తాయి, బట్టలేసుకుని కూర్చున్న మనుషులు కూడా బాగా పీలుస్తారు. ఖాళీ హాలులో మైకు పరీక్ష చేసి "బాగా లేదు" అనుకున్నవాడు జనం వచ్చాక తెరిపిన పడేది అందుకే.

బహుళ ప్రయోజన హాలుకి అసలు తలనొప్పి ఇక్కడే. ఆట చూసేవాడికి హోరు కావాలి, ఆ హోరే అతనికి సగం సరదా. పాట వినేవాడికి స్వరం కాసేపు నిలవాలి. ఉపన్యాసం వినేవాడికి మాట వెంటనే ఆరిపోవాలి. ముగ్గురికీ ఒకే కప్పు. అందుకే ఇలాంటి హాళ్లలో బరువైన తెరలు, కదిలే వేదికలు, పైనుంచి వేలాడదీసే స్పీకర్లు, పీల్చే పలకలు వాడి రోజుకో రకంగా సర్దుకుంటారు. నేల సంగతీ అంతే. అడుగున కాంక్రీటు, ఆట రోజున దాని మీద మేపుల్ చెక్క పలకలు ఒకదానికొకటి బిగించి కోర్టు పరుస్తారు. కచేరీ రోజున వాటిని విప్పి పేర్చేస్తారు.

జనం వేడి కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. ఇప్పుడు ఆ హాల్లో 15,500 పైగా కుర్చీలున్నాయి. గుణించండి. పదిహేనున్నర లక్షల వాట్లు! దానికి తోడు ఊపిరిలోనూ చెమటలోనూ ఒక్కొక్కరు గంటకి యాభై గ్రాముల నీటి ఆవిరి వదిలితే హాలు మొత్తానికి గంటకి ఏడెనిమిది వందల లీటర్ల నీళ్లు గాల్లో కలుస్తాయి. బాస్కెట్‌బాల్ కాలం నవంబరు నుంచి మార్చి దాకా, అంటే చలికాలం. కాబట్టి ఆ వేడి అప్పుడు మేలే చేస్తుంది. కట్టినప్పుడు ఆ హాలుకి ఏసీ పెట్టకపోవడానికి అది ఒక ధైర్యం కావచ్చు. 2010ల నడుమ పెద్ద ఎత్తున బాగుచేసినప్పుడే ఏసీ వచ్చింది. ఆ తరవాత వేసవిలోనూ హాలు పనికొచ్చింది.

అందరూ కాంక్రీటే నమ్ముకోలేదు. న్యూయార్క్ రాష్ట్రంలో సిరక్యూజ్ విశ్వవిద్యాలయం 1980లో గాలితో కప్పు నిలబెట్టింది. టెఫ్లాన్ పూసిన గాజునూలు గుడ్డ, అడుగున పెద్ద ఫ్యాన్లు. లోపలి గాలి పీడనం బయటికన్నా నూటికి అర వంతు కూడా ఎక్కువ ఉండదు, కానీ ఎకరాల వైశాల్యం మీద ఆ కొంచెమే వందల టన్నుల్ని ఎత్తి నిలబెడుతుంది. గాలి పోకుండా తిరుగుడు తలుపులు పెట్టారు. ఏసీలు చేసే క్యారియర్ కంపెనీ పేరు అప్పట్లో పెట్టుకున్న ఆ హాలులో నలభై ఏళ్లు ఏసీ లేదు! గాలి కప్పుకి శత్రువు మంచు. పైన పేరుకుంటే లోపలి వేడి గాలితో కరిగించాలి. 2010 డిసెంబరులో మినియాపొలిస్ నగరంలో అలాంటి కప్పే మంచు బరువుకి చిరిగి కూలింది. సిరక్యూజ్ వాళ్లు 2020లో గాలి కప్పు తీసేసి ఉక్కుతో గట్టి కప్పు వేసుకున్నారు.

న్యూ మెక్సికో విశ్వవిద్యాలయం వాళ్లది ఇంకో చమత్కారం. 1966లో తెరిచిన వాళ్ల హాలు పేరే 'ది పిట్', అంటే గొయ్యి. ముందు నేల మీద కప్పు వేసేశారు. తరవాత దాని కింద 37 అడుగుల లోతున తవ్వి కుర్చీలు పేర్చారు. అక్కడ వానలు తక్కువ, నేల గట్టి, కాబట్టి చెల్లింది. మన గోదావరి లంకల్లో అలా తవ్వితే మూడో రోజుకి కోనేరు అవుతుంది. నేలనీ వాననీ చూసుకోకుండా నమూనా ఎత్తుకొచ్చి కట్టే పని ఎవరికీ మంచిది కాదు.

నన్నడిగితే ఈ మూడింటిలో నా ఓటు ఇల్లినాయ్ గుమ్మటానికే. సిరక్యూజ్ గాలి కప్పు నిలబడాలంటే ఫ్యాన్లు రాత్రీ పగలూ తిరగాల్సి వచ్చేది. ఇల్లినాయ్ కప్పుకి ఆ పని లేదు. తీగ ఒకసారి బిగించారు, అరవై ఏళ్లు దాటినా అది తన పని చేసుకుపోతూనే ఉంది. పైన కనపడే గుమ్మటానికి ఫొటోలు తీస్తారు గాని దాన్ని నిలబెట్టింది అంచులో కాంక్రీటు కింద దాగిన తీగ. కనపడని దాని మీద పెట్టిన శ్రద్ధే కట్టడానికి ఆయుష్షు. మన దగ్గర ఇండోర్ స్టేడియాలు కట్టేవాళ్లు కూడా రంగు రేకులకి, దీపాలకి ముందు ఈ సంగతి చూసుకుంటే బాగుంటుంది.

మీరు ఒక పని చెయ్యండి. ఈసారి ఎక్కడ గుమ్మటం కనపడ్డా, మసీదైనా, చర్చి అయినా, పాత కోటలో కొట్టమైనా, తలెత్తి చూడటం అయ్యాక అంచు వైపు చూసి "దీని తోపుని ఎవరు పట్టుకున్నారు?" అని అడగండి. గోడ మందమా, కమానా, గొలుసా, తీగా? జవాబు ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది. దూరం పోనక్కర్లేదు, మీ ఊళ్లో గుమ్మటం మూత ఉన్న ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గరికి వెళ్లండి. మూతా గోడా కలిసే చోట చుట్టూ ఒక రింగ్ బీము ఉంటుంది. అది ఎందుకుందో ఇక మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు.